లండన్ ఆర్బిట్రేషన్ అవార్డు కాకినాడలో చెల్లుతుందా? లాయర్ నోటీసు వచ్చింది

కాకినాడ_నూకలు

అందరికీ నమస్కారం. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి, ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

మా మేనమామకి కాకినాడ దగ్గర రైస్ మిల్లు ఉంది, దాంతోపాటు ఎగుమతి వ్యాపారం. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. మామయ్య, అత్తయ్య, మామయ్య తమ్ముడు ముగ్గురూ పార్ట్‌నర్లు, నేను ఎగుమతి కాగితాలు చూస్తుంటాను. 2022 జులైలో ఒక స్విట్జర్లాండ్ ట్రేడింగ్ కంపెనీకి నూకలు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. సరుకు పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లాలి, మధ్యలో ఢిల్లీ బ్రోకరు ఒకాయన. షిప్‌మెంట్ గడువు ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 30 దాకా. ఆగస్టులో ఓడ దొరకలేదు, వానలకి యాంకరేజ్ పోర్టులో బార్జీల పని కూడా నెమ్మదిగా సాగింది. ఇంతలో సెప్టెంబరు 8న కేంద్రం నూకల ఎగుమతిని నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది, మర్నాటి నుంచే అమలు. అప్పటికే లోడింగ్ మొదలైన ఓడలకి కొద్దిరోజులు వెసులుబాటు ఇచ్చారు గానీ మా సరుకు గోడౌన్ దాటలేదు కాబట్టి అది మాకు పనికిరాలేదు. ఒక్క బస్తా కూడా పోలేదు.

ఒప్పందంలో గాఫ్టా (ధాన్యం వ్యాపారుల అంతర్జాతీయ సంఘం) ఆర్బిట్రేషన్, లండన్ అని ఉంది, అంటే తగాదా వస్తే కోర్టుకి కాకుండా అక్కడి మధ్యవర్తుల దగ్గరికి వెళ్లాలని. కొన్న కంపెనీ అక్కడికి వెళ్లింది. ప్రభుత్వమే ఆపేస్తే మన తప్పేముంది, లండన్ వాళ్లు ఇక్కడికొచ్చి ఏం చేస్తారు అని మామయ్య లాయర్ని పెట్టలేదు. నోటిఫికేషన్ కాపీ జతచేసి ఒక మెయిల్ మాత్రం పంపాం. తర్వాత వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కాగితాలన్నీ మెయిల్లో అలాగే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో మాకు వ్యతిరేకంగా అవార్డు, అంటే మధ్యవర్తుల తీర్పు, వచ్చింది. సెప్టెంబరు 8కి ముందే పంపే వీలుండిందనీ, నిషేధం సంగతి కొనుగోలుదారుకి వెంటనే తెలపలేదనీ రాశారు. ధరల తేడా, మూడు నెలలకోసారి చక్రవడ్డీ, ఖర్చులు అన్నీ కలిపితే ఇప్పుడు 3 లక్షల డాలర్లు దాటింది.

పోయిన వారం హైదరాబాద్ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది, 15 రోజుల్లో కట్టకపోతే ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్తామని. నిజంగా వెళ్లగలరా? వెళ్తే మా వాదన మళ్లీ మొదటి నుంచి వింటారా? మామయ్య వాళ్ల ఇల్లు కూడా పోతుందా? సుప్రీంకోర్టు ఒక వేరుశనగ కేసులో ఎగుమతి నిషేధం ఉంది కాబట్టి లండన్ అవార్డు చెల్లదని చెప్పిందని మా ఆడిటర్ గారు అంటున్నారు, అది మాకూ వర్తిస్తుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


పాత_సికింద్రాబాద్

భయపడకండి బ్రదర్. సత్యం కంప్యూటర్స్ కేసు చూడండి. అది కూడా లండన్ అవార్డే, ఎదుటివాళ్లు ఇక్కడ సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులో దాన్ని రద్దు చేయమని దావా వేశారు, వేసుకోవచ్చని 2008లో సుప్రీంకోర్టే చెప్పింది. మీరు కూడా కాకినాడలోనే వేసేయండి, వాళ్లే దిగొస్తారు.


అమరావతి_వకీలు

పై సలహా దయచేసి పాటించకండి. ఆ కేసు ఉన్నమాట నిజమే. 2006లో అవార్డు వచ్చింది, సత్యం దాన్ని అమెరికాలోని మిషిగన్ కోర్టులో అమలుకి పెట్టింది, అవతలి వెంచర్ గ్లోబల్ కంపెనీ సికింద్రాబాద్‌లో దావా వేసింది, 2008 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన మాట్లాడింది. కానీ 2012 సెప్టెంబరు 6న బాల్కో కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ దారి మూసేసింది. ఆ తేదీ తర్వాత రాసుకున్న ఒప్పందాలకి, ఆర్బిట్రేషన్ స్థానం విదేశంలో ఉంటే, అవార్డుని రద్దు చేసే అధికారం అక్కడి కోర్టులదే. మీది 2022 ఒప్పందం, స్థానం లండన్. కాకినాడ కోర్టులో రద్దు దావా వేస్తే ఫీజులూ కాలమూ రెండూ దండగ, పైగా తర్వాత హైకోర్టు ముందు చెడ్డపేరు.

ఇక మీ ప్రశ్నలు. నేను హైకోర్టులో కమర్షియల్ కేసులు చేస్తాను, మీ కాగితాలు చూడలేదు కాబట్టి మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నాను.

వెళ్లగలరా అంటే, వెళ్లగలరు. 1958 న్యూయార్క్ ఒప్పందంలో భారత్ మొదటి రోజే సంతకం చేసింది, 1960లో ఆమోదించింది. ఇప్పుడు దాన్లో 170కి పైగా దేశాలు ఉన్నాయి. అవతలి దేశం సంతకం చేస్తే చాలదు, కేంద్రం గెజిట్‌లో ఆ దేశాన్ని ప్రకటించాలి కూడా, అలా ప్రకటించినవి 50 లోపే. చైనా 2012లో, మారిషస్ 2015లో చేరాయి. బ్రిటన్ ఎప్పటినుంచో ఉంది. కాబట్టి ఆ రంధ్రం మీకు లేదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం, 44 నుంచి 52 సెక్షన్లు, ఆ ఒప్పందాన్నే మన చట్టంగా మార్చాయి. విదేశీ అవార్డు పిటిషన్ జిల్లా కోర్టులో కాదు, నేరుగా హైకోర్టులో వేస్తారు. ఫర్మ్, ఆస్తులు మన రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి అమరావతిలో. మీకు వచ్చిన నోటీసులో రాసింది సరైన కోర్టే, అంటే వాళ్ల లాయర్లకి పని తెలుసు.

మళ్లీ మొదటి నుంచి వింటారా అంటే, వినరు. అందరూ పొరబడేది ఇక్కడే. మన జనానికి కోర్టు అంటే అప్పీలు అనే అలవాటు, కింద ఓడితే పైన చూసుకుందాం అనుకుంటారు. 48వ సెక్షన్ అప్పీలు కాదు. అందులో ఉన్న కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒప్పందం చెల్లనిదనీ, ఆర్బిట్రేషన్ గురించి సరైన నోటీసు అందలేదనీ లేదా వాదన చెప్పుకునే అవకాశం దొరకలేదనీ, అడగని విషయం మీద తీర్పిచ్చారనీ, ఆర్బిట్రేటర్ల నియామకం ఒప్పందం ప్రకారం జరగలేదనీ, అవార్డు అక్కడే రద్దయిందనీ, లేదా అమలు చేస్తే మన దేశ పబ్లిక్ పాలసీకి, అంటే దేశ మౌలిక న్యాయ విధానానికి, విరుద్ధమనీ. వీటిలో ఏదో ఒకటి ఉందని నిరూపించాల్సింది మీరే. మీ మెయిల్‌కి నోటీసులన్నీ వచ్చాయని మీరే అంటున్నారు, మీరు ఒకసారి జవాబు కూడా ఇచ్చారు, కాబట్టి నోటీసు అందలేదన్న మాట ఎత్తకండి. ఆర్బిట్రేటర్లు సాక్ష్యాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు అన్నది ఈ కారణాల్లో లేదు.

పబ్లిక్ పాలసీ అన్నది చాలామందికి ఆశ. 1993లో రేణుసాగర్ కేసులోనే దాని పరిధి చిన్నదని సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యలో 2011లో రష్యాకి బియ్యం పంపిన కేసు ఒకదాన్లో పరిధి పెంచారు, అది రెండేళ్లే నిలిచింది. 2013లో లాల్ మహల్ కేసు, అది కూడా గాఫ్టా అవార్డే, గోధుమలది, ఇటలీ కొనుగోలుదారు. దాన్లో మళ్లీ రేణుసాగర్ దగ్గరికే వచ్చారు. 2015 సవరణలో పార్లమెంటు ఇంకో మాట చేర్చింది, మౌలిక విధానానికి విరుద్ధమా అని చూసేటప్పుడు కేసు గుణదోషాల జోలికి వెళ్లకూడదని.

మీ ఆడిటర్ గారు చెప్పిన వేరుశనగ కేసు నాఫెడ్ వర్సెస్ అలిమెంటా, 2020 ఏప్రిల్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ఆశంతా దీనిమీదే ఉన్నట్టుంది. 1980లో నాఫెడ్, అంటే మన జాతీయ సహకార మార్కెటింగ్ సంస్థ, అలిమెంటా కంపెనీకి 5000 టన్నుల వేరుశనగ పప్పు అమ్ముతానంది, 1900 టన్నులు పంపింది, మిగతాది పంపడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. లండన్‌లో నాఫెడ్‌కి వ్యతిరేకంగా అవార్డు వచ్చింది. దాదాపు నలభై ఏళ్లకి సుప్రీంకోర్టు ఆ అవార్డు అమలుకి నిరాకరించింది. ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగుమతి చేయడమే చట్టవిరుద్ధం, అలాంటప్పుడు చేయనందుకు నష్టపరిహారం కట్టమనడం పబ్లిక్ పాలసీకి విరుద్ధం అంది. వినడానికి అచ్చం మీ కేసే. కానీ ఆ తీర్పు 1961 నాటి పాత చట్టం కింద వచ్చింది, 2015 సవరణ వాక్యం దానికి లేదు. అక్కడ నిషేధం వస్తే ఒప్పందం రద్దు అన్న క్లాజుని కోర్టే చదివి అర్థం చెప్పింది. మీ కేసులో క్లాజుని ఆర్బిట్రేటర్లు చదివారు, అమ్మకందారు వెంటనే తెలపాలన్న షరతు పాటించలేదన్నారు. ఇప్పుడు హైకోర్టు దాన్ని తిరగదోడాలంటే గుణదోషాల్లోకి వెళ్లాలి, వెళ్లొద్దని చట్టమే చెబుతోంది. నాఫెడ్ తీర్పుకి రెండు నెలల ముందు, అదే ఏడాది ఫిబ్రవరిలో, విజయ్ కరియా కేసులో మరో ముగ్గురు జడ్జీలు విదేశీ అవార్డుని అడ్డుకోవడానికి వచ్చినవాళ్లకి 50 లక్షల ఖర్చులు వేసి పంపించారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధన ఒకటి ఉల్లంఘన అయినంత మాత్రాన పబ్లిక్ పాలసీ విరుద్ధం కాదని అందులోనే ఉంది. రెండూ ముగ్గురు జడ్జీల తీర్పులే. నాఫెడ్‌ని మీ లాయరు తప్పకుండా ఎత్తుతారు, ఎత్తాలి కూడా, కానీ దాని ఒక్కదాని మీద గెలుస్తామని నేనైతే ఏ క్లయింటుకీ చెప్పను.

ఇల్లు సంగతి చెప్పడానికి బాధగా ఉంది. హైకోర్టు అవార్డు అమలుకి తగినదని చెప్పగానే 49వ సెక్షన్ ప్రకారం అది ఆ కోర్టు డిక్రీ, అంటే ఆ కోర్టే ఇచ్చిన తీర్పుతో సమానం, అవుతుంది, మళ్లీ వేరే దావా అక్కర్లేదు, అదే పిటిషన్‌లో జప్తుకి వెళ్లొచ్చు. ఫర్మ్ మీద డిక్రీ అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 50 కింద పార్ట్‌నర్ల సొంత ఆస్తుల దాకా రావచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ అయి ఉంటే ఇంత భయం ఉండేది కాదు. అత్తయ్య గారు పేరుకే పార్ట్‌నర్ అయినా పార్ట్‌నరే.


థేమ్స్_తెలుగు

వకీలు గారు చెప్పినదాంట్లో ఇండియా వైపు నేను కలపాల్సింది ఏమీ లేదు. నేను లండన్‌లో సరుకుల వ్యాపార తగాదాల పని చేసే ఆఫీసులో ఉన్నాను, ఊరు రామచంద్రపురం, కాబట్టి మీ పోస్ట్ చూడగానే రాయాలనిపించింది.

తమ్ముడూ, ఆ అవార్డులో రెండు కారణాలు ఉన్నాయన్నావు కదా. మొదటిది, నిషేధానికి ముందే పంపి ఉండాల్సింది అన్నది. షిప్‌మెంట్ గడువు సెప్టెంబరు 30 దాకా ఉంటే, ఆ గడువులో ఏ రోజు పంపాలో నిర్ణయించుకునే హక్కు మామూలుగా సీఐఎఫ్ (ఓడ, బీమా ఖర్చులు తనే పెట్టుకునే) అమ్మకందారుది. ఆఖరి వారంలో పంపుదామనుకున్నా తప్పు కాదు. ఇది గాఫ్టా అప్పీల్ బోర్డు ముందు గట్టిగా నిలబడే వాదన. రెండోది, వెంటనే తెలపకపోవడం, అది కష్టమైనది. నిషేధం క్లాజు మనల్ని కాపాడాలంటే ఆలస్యం చేయకుండా, కారణంతో సహా, కొనుగోలుదారుకి చెప్పాలి. పేపర్లో వచ్చింది, అందరికీ తెలిసిందే కదా అంటే ఇక్కడ ఒప్పుకోరు. మన ఎగుమతిదారులు చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు, నిషేధం వచ్చిన రోజు ఫోన్లన్నీ విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీకీ పోర్టుకీ చేస్తారు, కొన్నవాడికి రెండు వాక్యాల మెయిల్ పంపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నూకలప్పుడు జరిగింది, 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఆపినప్పుడూ జరిగింది.

కానీ గాఫ్టా అప్పీలుకి గడువు అవార్డు తేదీ నుంచి 30 రోజులు. అది దాటిపోయింది. గడువు పెంచమని అడిగే వీలు ఉన్నా, ఇన్నాళ్ల తర్వాత, విచారణలో పాల్గొననివాళ్లకి ఇస్తారని ఆశపడలేం. లండన్ హైకోర్టుకి వెళ్దామంటే 28 రోజుల గడువు, అదీ ముందు గాఫ్టా అప్పీలు వాడుకున్నవాళ్లకే. ఇలా రాయడం నాకు ఇష్టం లేదు, మీ దగ్గర మంచి వాదన ఉండింది, దాన్ని వినిపించాల్సిన గదిలో ఎవరూ కూర్చోలేదు. చదివేవాళ్లలో ఎవరికైనా ఇలాంటి ఆర్బిట్రేషన్ నోటీసు వచ్చి ఉంటే, దయచేసి జవాబు ఇవ్వండి. అక్కడి ఖర్చు ఎక్కువే, కానీ పెద్ద లాయర్లు లేకపోయినా కాగితాల మీదే వాదన పంపొచ్చు, చాలా గాఫ్టా కేసులు కాగితాల మీదే నడుస్తాయి.

ఇంకొకటి. అవార్డు కట్టని కంపెనీ పేరుని గాఫ్టా తన సభ్యులకి తెలియజేయొచ్చు. దానివల్ల పెద్ద ట్రేడింగ్ కంపెనీలు మీతో పని మానేస్తాయి. అమరావతి ఒక్కటే కాదు, మీకు సింగపూర్‌లోనో ఇంకెక్కడో డబ్బు రావాల్సి ఉంటే ఆ దేశం కోర్టులో కూడా ఇదే అవార్డు పెట్టి ఆ బాకీని ఆపించొచ్చు.


చీమకుర్తి_రాయి

నాది ఎదుటివైపు అనుభవం, అందుకే రాస్తున్నా. మాది గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ బ్లాకులు చైనాకి పంపుతాం. ఫుజియాన్ కొనుగోలుదారు ఒకడు సరుకు దించుకుని నాణ్యత బాలేదని డబ్బు ఎగ్గొట్టాడు. మా ఒప్పందంలో సింగపూర్ ఆర్బిట్రేషన్ ఉంది, గెలిచాం. గెలిచాక అసలు కథ మొదలైంది. ఆ అవార్డు కాగితం పట్టుకుని అక్కడి ఇంటర్మీడియట్ పీపుల్స్ కోర్టుకి వెళ్లాలి, అన్నీ చైనీస్‌లోకి అనువాదం, నోటరీలు, ముద్రలు, అక్కడ లాయరు. చైనాలో అమలుకి గడువు రెండేళ్లే, మన దగ్గరలా మూడు కాదు. ఈ సంగతి తెలియక గడువు పోగొట్టుకున్న ఒంగోలు వాళ్లు నాకు తెలుసు.

చైనా కోర్టులు బయటివాళ్లకి న్యాయం చేయవని అందరూ నన్ను భయపెట్టారు. అక్కడ ఒక పద్ధతి ఉంది, 1995 నుంచి. కింది కోర్టు విదేశీ అవార్డుని తిరస్కరించాలనుకుంటే సొంతంగా చేయలేదు, పై కోర్టుకి, అక్కడి నుంచి సుప్రీం పీపుల్స్ కోర్టుకి రాసి ఒప్పించుకోవాలి. ఒప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాంతో లోకల్ పలుకుబడి కొంత తగ్గింది. మా కొనుగోలుదారు బ్యాంకు ఖాతా స్తంభించాక వాడే ఫోన్ చేసి సెటిల్‌మెంట్ అడిగాడు. పూర్తిగా రాలేదు గానీ మంచి భాగం వచ్చింది.

మీ మామయ్య గారికి చెప్పండి, గెలిచినవాడికి కూడా కోర్టు చుట్టూ తిరగడం ఇష్టం ఉండదు. ఆ స్విస్ కంపెనీ వాళ్లు ఇప్పుడు నోటీసు పంపారు గానీ పిటిషన్ వేయలేదు. వేశాక లాయర్ ఫీజు పడుతుంది, మొండికేస్తారు. మాట్లాడాల్సింది ఇప్పుడే. నేనైతే మొదటి నెలలో వచ్చిన ఆఫరుకి చాలా తగ్గేవాణ్ణి.


కాకినాడ_నూకలు

అందరికీ చాలా చాలా థాంక్స్. థేమ్స్ అక్కా, మీ మెసేజ్ మామయ్యకి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాత మెయిళ్లన్నీ వెతికాను. 2022 సెప్టెంబరు 10న నోటిఫికేషన్ పీడీఎఫ్ జతచేసి ఢిల్లీ బ్రోకరుకి మెయిల్ పెట్టాం, ఓడ రద్దు చేస్తున్నామని. బ్రోకరు కొనుగోలుదారుకి పంపాడో లేదో తెలియదు. ఇది పనికొస్తుందా?

ఇంకా మూడు అడగాలి. చుట్టాల్లో ఒకాయన, మిల్లు స్థలం వెంటనే మా బావ పేరు మీదకి గిఫ్ట్ డీడ్ చేసేయమంటున్నారు. అలా చేయొచ్చా? ఇంకొకాయన, విదేశీ అవార్డుకి మన స్టాంపు డ్యూటీ కట్టకపోతే చెల్లదు అంటున్నారు. ఆలస్యం చేస్తే కేసుకి కాలదోషం పట్టదా?


అమరావతి_వకీలు

గిఫ్ట్ డీడ్ వద్దు. దయచేసి, ఎవరు చెప్పినా వద్దు. అప్పులవాళ్లని ఎగవేయడానికి చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద కోర్టు పక్కన పెట్టేస్తుంది, నోటీసు అందిన వారంలో చేసిన రిజిస్ట్రేషన్‌కి ఉద్దేశం వేరే నిరూపించక్కర్లేదు. 2015 సవరణ తర్వాత విదేశీ ఆర్బిట్రేషన్ గెలిచినవాళ్లు అమలుకి ముందే ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద మన హైకోర్టులో ఆస్తులు అమ్మకుండా ఆపమని అడగొచ్చు. మీరు ఆస్తులు కదిపారని తెలిస్తే వాళ్లు వేసే మొదటి పిటిషన్ అదే, దాంతో సెటిల్‌మెంట్ మాటలూ పోతాయి. ఇప్పుడు తప్పేమీ లేని మీ బావ కూడా కోర్టులో పార్టీ అవుతాడు.

స్టాంపు డ్యూటీ అభ్యంతరం 2018లోనే పోయింది, శ్రీరామ్ ఈపీసీ వర్సెస్ రియోగ్లాస్. విదేశీ అవార్డు మన 1899 స్టాంపు చట్టంలోని అవార్డు అన్న మాట కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది.

కాలదోషం గురించి మన తీరంలోదే ఒక కేసు ఉంది. కోనసీమ దగ్గర సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం, సూరసానియానంలో దాని టెర్మినల్, మీకు తెలిసే ఉంటుంది. ఆ క్షేత్రం అభివృద్ధి ఖర్చుల మీద కేంద్రానికీ వేదాంత, వీడియోకాన్ వాళ్లకీ తగాదా, 2011 జనవరిలో కౌలాలంపూర్‌లో అవార్డు వచ్చింది. కేంద్రం మలేసియా కోర్టుల్లో పై దాకా పోరాడి ఓడింది. ఇక్కడ అమలు పిటిషన్ 2014లో వేస్తే ఆలస్యమైందన్నారు. 2020 సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు గడువు మూడేళ్లనీ, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించొచ్చనీ తేల్చి అవార్డు అమలు చేయమంది. ఆ బెంచిలో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు తర్వాత 2023లో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చారు. భారత ప్రభుత్వమే తప్పించుకోలేకపోయింది అన్నది మీ మామయ్య గారికి చెప్పండి. మీ అవార్డు 2024 ఫిబ్రవరిది, వాళ్లకి 2027 ఫిబ్రవరి దాకా నిక్షేపంగా టైముంది.

ఆలస్యం మీకే నష్టం. అవార్డు డాలర్లలో ఉంది. ఏ రోజు రేటుకి రూపాయల్లోకి మార్చాలన్నది 2024 ఆగస్టులో డీఎల్ఎఫ్ వర్సెస్ కోంకార్‌లో స్పష్టం చేశారు, అభ్యంతరాలన్నీ తేలిపోయి అవార్డు అమలుకి వచ్చిన రోజు రేటు. అంటే మీరు ఎన్నేళ్లు లాగితే రూపాయి పడిన ప్రతి పైసా మీ మీదే పడుతుంది, పైన చక్రవడ్డీ. మధ్యలో కోర్టులో కొంత డబ్బు జమచేసి, అవతలివాళ్లు తీసుకునే వీలుంటే, ఆ భాగం వరకు జమచేసిన రోజు రేటే లెక్క. హైకోర్టు అమలు చేయమంటే దానిమీద మీకు మామూలు అప్పీలు లేదు, 50వ సెక్షన్ అమలు నిరాకరించినప్పుడే అప్పీలు ఇస్తుంది. మీకు మిగిలేది ఢిల్లీలో సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి కోరే స్పెషల్ లీవ్ పిటిషన్ ఒక్కటే.


థేమ్స్_తెలుగు

ఆ సెప్టెంబరు 10 మెయిల్ చాలా విలువైనది, జాగ్రత్త చెయ్యి. హెడర్లతో సహా సేవ్ చేసుకో. బ్రోకరు ఇద్దరి మధ్య మాటలు మోసేవాడైతే అతనికి చెబితే కొనుగోలుదారుకి చెప్పినట్టేనా అన్నది ఒప్పందం, గాఫ్టా నోటీసు క్లాజు చదివితేగానీ చెప్పలేను. దాన్తో హైకోర్టులో అవార్డు పడిపోతుందని నేను అనను, అది ఆర్బిట్రేటర్ల ముందు పెట్టాల్సిన సాక్ష్యం. కానీ సెటిల్‌మెంట్ టేబుల్ మీద దాని బరువు వేరు. నిషేధం వచ్చిన రెండో రోజే చెప్పాం, నిషేధం వల్లే సరుకు ఆగింది, నాఫెడ్ తీర్పు ఉంది, హైకోర్టులో ఎంత కాలం పడుతుందో ఎవరికీ తెలియదు. ఇవన్నీ కలిపి ఒక ఉత్తరం రాస్తే కొన్నవాడి లాయరు కూడా తన క్లయింటుకి ఒక అంకె సూచిస్తాడు. ముందు బ్రోకరుని అడుగు, అతను కొనుగోలుదారుకి ఫార్వర్డ్ చేసిన మెయిల్ ఉంటే అది నీ చేతికి రావాలి, అతనికి నోటీసు సంగతి తెలిశాక ఇవ్వడానికి వెనకాడొచ్చు.


చీమకుర్తి_రాయి

సెటిల్ అయితే ఒకటి మర్చిపోవద్దు. డబ్బు వాయిదాల్లో అయినా సరే, ఒప్పందంలో అవార్డు పూర్తిగా తీరిపోయింది, ఏ దేశంలోనూ మళ్లీ అమలుకి పెట్టం అని రాయించుకోండి. నేను కట్టించుకునేటప్పుడు చైనావాడి లాయరు అదే పట్టుబట్టాడు. పంపే డబ్బు బ్యాంకు ద్వారానే, అవార్డు కాపీ, సెటిల్‌మెంట్ కాపీ రెండూ బ్యాంకుకి ఇచ్చి.


కాకినాడ_నూకలు

సరే అండి. బ్రోకరుకి ఇప్పుడే ఫోన్ చేశాను, 2022 మెయిళ్లు పాత కంప్యూటర్లో ఉన్నాయట, సోమవారం చూసి చెప్తానన్నాడు. గిఫ్ట్ డీడ్ ఆపించాను, అత్తయ్య గట్టిగా నిలబడింది. వకీలు గారూ, మీకు ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టాను, అవార్డు, ఒప్పందం రెండూ తీసుకుని బుధవారం రాగలం. నోటీసుకి జవాబు ఇవ్వాల్సిన గడువు ఇంకా ఎనిమిది రోజులుంది.


అమరావతి_వకీలు

రండి. వచ్చేటప్పుడు పార్ట్‌నర్‌షిప్ డీడ్, 2022 నుంచి ఫర్మ్ రిటర్నులు కూడా తీసుకురండి. మామయ్య గారిని కూడా తీసుకురండి, ఏ అంకె దాకా వెళ్లగలరో ఆయన నోటితోనే వినాలి. ఈలోపు ఆ లాయర్లకి నోటీసు అందింది, జవాబు ఇస్తున్నాం అని ఒక్క వాక్యం మెయిల్ పంపేయండి, ఇంకేమీ రాయకండి.